మాస్టారికి మానిటరు

"మానిటరు" అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో తెలుగు ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్న నాకు మొన్న మొన్నటిదాకా సరిగా తెలియదంటే మీరు నమ్మరు.

చిన్నప్పుడు మా వూరి బళ్ళో మానిటరంటే, మాస్టారు లేనప్పుడు అల్లరి చేసినవాళ్ళ పేర్లు నల్లబల్ల మీద రాసే కుర్రవాడు. నేనెప్పుడూ మానిటర్ని కాలేదు గాని, నల్లబల్ల మీద నా పేరు మాత్రం తరచు వుండేది. రెండో అర్థం రహమత్ నగర్ వచ్చాక తెలిసింది. మా సందు దిగితే యూసుఫ్‌గూడ, ఆ పక్కన కృష్ణానగర్. తెల్లవారేసరికి సినిమాలో వేషం కోసం ఎదురుచూసేవాళ్ళు అక్కడ గుంపులుగా నిలబడి వుంటారు. మెట్ట మీదికి పోతే జూబిలీ హిల్స్, అది దాటితే ఫిల్మ్ నగర్. సినిమావాళ్ళ భాషలో మానిటరంటే, టేకుకు ముందు ఒకసారి ఆడి చూసుకోవడం. "ఒక మానిటర్ చూసుకుందాం" అంటే రిహార్సలన్నమాట. ఇక మూడోది అందరికీ తెలిసిందే, కంప్యూటరులో వున్నది కనిపించే తెర.

ఈ మూడోదాన్ని కొనబోయి, మొదటి రెండు అర్థాలనూ నేను కొత్తగా నేర్చుకున్న వైనం చెబుతాను.

మాకు చదువు చెప్పిన మాస్టారొకరున్నారు. ఇప్పుడు ఆయనకు 84 ఏళ్ళు. నల్లకుంటలో పెద్దబ్బాయి దగ్గర ఆరు నెలలు, విజయవాడలో చిన్నబ్బాయి దగ్గర ఆరు నెలలు కాలక్షేపం. ఆయన వడ్రంగి బిడ్డ. తండ్రి బాడిత చేతికివ్వబోతే, ఈయన పలకా బలపం పట్టుకుని పారిపోయాడట. ఆ సంగతి నవ్వుతూనే చెబుతారు గాని, తండ్రి చేతిపని తనతో ఆగిపోయిందన్న నొప్పి ఆ నవ్వు వెనక వుంటుంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. వాటిని చూసిన ఆవేశంలో మా మాస్టారు సెలవులకల్లా సైకిలు వేసుకుని వూళ్ళు తిరిగి, వడ్రంగుల నోట వినిపించిన మాటలన్నీ చీటీల మీద రాసిపెట్టారు. మొత్తం 2,300 చీటీలు, చెప్పుల అట్టపెట్టెల్లో. ఆ పెట్టెలు మూడేళ్ళ కిందట నా చేతిలో పెట్టి, "నేను కళ్ళతో చూసుకునేటట్లు అచ్చు వేయించవోయ్" అన్నారు.

ఆ "కళ్ళతో చూసుకునేటట్లు" అన్న మాట అప్పుడు నా చెవికి మామూలు మాటలాగే వినిపించింది.

అప్పటినుంచీ మాస్టారు నల్లకుంటలో వున్న నెలల్లో ఆదివారం వచ్చిందంటే స్కూటరు మీద అక్కడ వాలేవాణ్ణి. వారమంతా టైపు చేసిన పదాలు ల్యాప్‌టాప్‌లో చూపించేవాణ్ణి. ఆయన మంచం మీద కూర్చుని, తల కాస్త పక్కకు వాల్చి, తెర వంక చూసి, "బాగుందోయ్, కానీ" అనేవారు. అలా 600 పదాలు ఆమోదం పొందాయి. మా మాస్టారు మునుపటంత చాదస్తంగా లేరు, వయస్సు మీద పడి మెత్తబడ్డారని నేను లోలోపల సంతోషించాను కూడాను.

కిందటి ఏడు మాఘమాసంలో ఒక రాత్రి ఆ పేజీలు తిరగేస్తుంటే గుండె గుభేలుమన్నది. 23వ పేజీలో బాడితకు "చెక్కను నునుపు చేసే పనిముట్టు" అనీ, చిత్రికకు "కొయ్యను చెక్కే పనిముట్టు" అనీ వుంది. రెండు చీటీల అర్థాలనూ నేనే తారుమారు చేసి కొట్టాను. నా తప్పు సరే. ఆ పేజీని మాస్టారు చూశారు! వడ్రంగి కొడుకు, బాడిత కింద చిత్రిక అర్థం వుంటే "బాగుందోయ్" అన్నారు!

మా ఆవిడతో చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతున్నది. తల ఎత్తకుండానే, "చదివేటప్పుడు ఆయన తెర వంక తిన్నగా చూస్తారా, పక్కనుంచి చూస్తారా?" అని అడిగింది.

"తల పక్కకు వాల్చి..."

"మా పెద్దమ్మా అలాగే చూసేది. ఆయనకు కనపడటం లేదండీ."

నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం మాస్టారి దగ్గర సెలవు తీసుకుని మెట్లు దిగుతుంటే, అమ్మగారు వెనకాలే వచ్చారు. నేను అడగకముందే కళ్ళొత్తుకున్నారు. "డాక్టరు చెప్పి ఏడాదయింది నాయనా. నీతో చెప్పవద్దన్నారు. చెబితే పాపం వీడు పని ఆపేస్తాడు, పుస్తకం ఆగిపోతుంది అంటారు."

కంటి వెనక వుండే పొర రెటీనా. దాని నడిమి భాగాన్ని మాక్యులా అంటారు. అక్షరం చదవడానికీ, మనిషి మొహం ఆనవాలు పట్టడానికీ అదే ఆధారం. ముసలితనంలో కొందరికి అది క్షీణిస్తుంది. అప్పుడు చుట్టుపక్కల వున్నవి కనిపిస్తాయి గాని, ఎదురుగా చూడదలచినదే మసకబారుతుంది. అందుకే తల పక్కకు వాల్చి, మిగిలిన అంచు చూపుతో పట్టుకోవాలని చూస్తారు. ఇటువంటివారికి అక్షరం బాగా పెద్దది చేసి, నలుపు మీద తెలుపుగానో తెలుపు మీద నలుపుగానో కొట్టవచ్చినట్లు చూపిస్తే, కంటికి దగ్గరగా పెడితే, కొంతవరకు చదవగలరని ఒక కంటి వైద్యుడు చెప్పాడు.

మరి ఏం చెయ్యాలి? నా ల్యాప్‌టాప్ 14 అంగుళాలది. దాన్ని మాస్టారి ముక్కు దగ్గర పెడితే నేను టైపు చేసేదెట్లా? పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చు తీయవచ్చు గాని, ఆయన ఒక్క మాట మార్చమంటే మళ్ళీ అచ్చు. హాల్లో టీవీ వుంది. దాని ముందు ఇంటిల్లిపాదీ వుంటారు, పైగా అది గోడకు వుంది, మంచానికి రాదు. మామూలు పెద్ద మానిటరు కొని అక్కడే పెట్టవచ్చు. అదే డబ్బుకు పెద్ద తెర వస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఆరు నెలలకు మాస్టారు విజయవాడ పోతారు. ఆ గదిలో మంచం, బీరువా పోగా జానెడు జాగా లేదు. అంచేత సంచీలో పెట్టి తీసుకుపోయే మానిటరు కావాలి. అటువంటివి వున్నాయని మా పైవాటా అబ్బాయి చెప్పాడు.

ఈ అబ్బాయి సినిమా ఎడిటింగులో సహాయకుడు. పగలు నిద్ర, రాత్రి పని. వాడి దగ్గర అటువంటి మానిటరు ఒకటి వుంది.

నేను అప్పటికే మూడు రాత్రులు ఆ వస్తువుల వివరాలు చదివి, 16 అంగుళాల ఫోర్-కే మానిటరు, 24 వేల రూపాయలది, ఆర్డరు పెట్టబోతున్నాను. నా చేతిలో వున్నది పరీక్ష పేపర్లు దిద్దిన డబ్బు, 15 వేలు. అదీ గ్రైండరు కొంటానని మా ఆవిడకు మాట ఇచ్చిన డబ్బు. మిగిలిన 9 వేలూ అప్పు చెయ్యాలి. ఖరీదు ఎక్కువైతే మాస్టారికి బాగా కనిపిస్తుందని నా మూఢనమ్మకం.

అబ్బాయి నా మొహం చూసి, "సార్, టేకుకు ముందు మానిటర్ చూసుకోరా?" అని తన మానిటరు ఇచ్చాడు.

తెచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించాను. రెండుకూ టైప్-సీ కంతలే వున్నాయి, తీగ చక్కగా పట్టింది. తెర వెలిగింది. అంతే! "సిగ్నల్ లేదు" అని ఒక్క ముక్క చూపించి ఆరిపోయింది. మా అమ్మాయి టాబ్లెట్‌కు తగిలించాం. అదే వరస.

అప్పుడు అబ్బాయి చెప్పిన పాఠం నా ఎమ్మేలో లేదు. టైప్-సీ అనేది 2014లో వచ్చిన కంత ఆకారానికి పేరు, దానిలో నడిచే పనులకు కాదు. గుమ్మాలన్నీ ఒకే కొలత, లోపల వున్న గదులు మాత్రం వేరువేరు. ఒక కంత చార్జింగుకూ, ఫైళ్ళు పంపడానికీ పనికి వస్తుంది. ఇంకొకటి వాటితోపాటు బొమ్మను కూడా పంపుతుంది. ఆ బొమ్మ పంపే విద్యకు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అని పేరు. అది పెట్టడం, మానడం వస్తువు చేసినవారి ఇష్టం. కంత పక్కన డీ, పీ అక్షరాలు కలిసిన గుర్తో, బాణపు మొనతో మెరుపు గుర్తో వుంటే సాధారణంగా బొమ్మ వస్తుంది. గుర్తు లేకపోతే ఆ మోడలు వివరాలు చదవాలి. టాబ్లెట్లూ అంతే. ఖరీదైన వాటిలో చాలావాటికి ఈ విద్య వుంటుంది, చవకవాటిలో చాలావాటికి వుండదు. అప్పు చేసి ఆ 24 వేల వస్తువు తెచ్చి, టైప్-సీ తీగ ఒక్కటే నమ్ముకుని మాస్టారి ముందు పెట్టి, నల్లటి తెర చూపించి వుంటే నా గతి ఏమయ్యేది?

అదృష్టం కొద్దీ నా ల్యాప్‌టాప్‌కు హెచ్.డి.ఎం.ఐ. కంత వుంది. ఆ మానిటరుకు మినీ హెచ్.డి.ఎం.ఐ. వుంది. ఒకవైపు పెద్దది, ఒకవైపు చిన్నది వుండే తీగ తెప్పించి తగిలిస్తే బొమ్మ వచ్చింది. కాని ఆ తీగ మానిటరుకు చాలినంత కరెంటు మొయ్యదు. కనక కరెంటుకు ఇంకొక తీగ, గోడనుంచి. రెండు తీగలయినా నాకు అభ్యంతరం లేదు. పైగా ఒక్క టైప్-సీ తీగతో నడిచేవారికి ఆ మానిటరు ల్యాప్‌టాప్ బ్యాటరీనే తింటుంది. నాకు ఆ బాధ తప్పింది.

ఆ అరువు మానిటరుతో వారం రోజులు మా ఇంట్లో రిహార్సలు చేశాను. నా కళ్ళద్దాలు తీసేసి, అర మూరెడు దూరంలో కూర్చుని, అక్షరాలు మార్చి మార్చి చూశాను. తెలుసుకున్నవి నలుగురికీ పనికి వస్తాయని చెబుతున్నాను.

ఫోర్-కే తెరలో చుక్కలు నాలుగింతలు. 15.6 అంగుళాల తెరలో మామూలు ఫుల్ హెచ్.డి. అయితే అంగుళానికి 141 చుక్కలు, ఫోర్-కే అయితే 282. సన్న అక్షరాలు గంటలకొద్దీ చదివేవారికీ, బొమ్మలు దిద్దేవారికీ ఆ నునుపు కావాలి. మన తెలుగులో "ద"కూ "ధ"కూ తేడా ఒక చిన్న గీత. ఒత్తు కింద ఒత్తు వచ్చే మాటల్లో ఆ గీత కలిసిపోకూడదు. కాని మాస్టారి కోసం నేను అక్షరాన్ని అంగుళం ఎత్తు చెయ్యబోతున్నాను. అంగుళం ఎత్తు అక్షరానికి 141 చుక్కలు చాలవా? భేషుగ్గా చాలు. అంటే ఖరీదులో సగం అక్కడే మిగిలింది.

రెండోది, నిగనిగలాడే అద్దపు తెర వద్దు. దానిలో కిటికీ, ఫ్యాను, చూసేవారి మొహం అన్నీ కనిపిస్తాయి, అక్షరం తప్ప. మెరుపు లేని తెర కావాలి. వెలుగును నిట్లు అనే కొలతలో చెబుతారు. ఇంట్లో, కిటికీకి ఎదురుగా కాకుండా పెట్టుకుంటే 250, 300 చాలు. ఆరుబయట పనిచేసేవారికి ఎక్కువ కావాలి. మూడోది, పక్కనుంచి చూసినా రంగు మారకూడదు. అందుకు ఐ.పి.ఎస్. రకం తెర వుండాలి. తల వాల్చి చూసే మా మాస్టారికి ఇది ముఖ్యం. వేలితో తాకే తెర, స్పీకర్లు, లోపలి బ్యాటరీ, ఇవన్నీ నాకు అక్కరలేని నగలు.

ఇక కొనడం. ఒక ఆదివారం మాస్టారికి "వొంట్లో బాగాలేదు" అని అబద్ధం చెప్పి, యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి, ప్యారడైజ్‌లో దిగి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటరు సామాన్లకు పేరుపడ్డ చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయాను. ల్యాప్‌టాప్, తీగ, వెంట పట్టుకుపోయాను. మూడు కొట్లలో "ముందు నా దానికి తగిలించి చూపించండి" అన్నాను. రెండు కొట్లవాళ్ళు పెట్టె విప్పమన్నారు. మూడో కొట్టాయన నవ్వి విప్పాడు. నేను కళ్ళద్దాలు తీసేసి, తల వాల్చి చూస్తుంటే, "సార్, అలా చూస్తున్నారేమిటి?" అన్నాడు. "ఇది నాకు కాదు" అన్నాను. ఆయనకు ఏం అర్థమయిందో గాని, నిలబడి ఓపిగ్గా తెర వాలు మార్చి చూపించాడు. 15.6 అంగుళాలు, ఫుల్ హెచ్.డి., బరువు ముప్పాతిక కిలో, తీగతో సహా 11,500 రూపాయలు. మిగిలిన దాంట్లో, కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక పవర్ బ్యాంకు.

ఇంటికి వచ్చి పెట్టె చూపిస్తే మా ఆవిడ, "గ్రైండరు కంటే తేలికగానే వుంది" అన్నది. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు.

వచ్చే ఆదివారం నల్లకుంట పోయాను. దానితో ఇచ్చిన అట్టకాలు మంచం మీది పరుపులో దిగబడి, తెర బోర్లాపడింది. ఎత్తు చాలదు, వాలు చాలదు. నేను తంటాలు పడుతుంటే అమ్మగారు లోపలికి పోయి వ్యాసపీఠం తెచ్చారు. ఆవిడ భాగవతం పెట్టుకుని చదువుకునేది. మాస్టారి తండ్రి చేసిందట, టేకుది, ఒక్క మేకు లేకుండా. దాని మీద మానిటరును పెడితే, కొలిచి చేసినట్లు కుదిరింది. ఒక్కొక్కప్పుడు వెనకటివాళ్ళు మనకు కావలసినవి ముందే చేసి పెట్టి పోతారు.

నా ల్యాప్‌టాప్ నా ఒళ్ళో వుంది. దానిలో మొత్తం పట్టిక. మాస్టారి ముందు తెరలో ఒక్క పదం, దాని అర్థం. నల్లని నేల మీద తెల్లని అక్షరాలు, అంగుళం ఎత్తు. ఒకే బొమ్మ రెండు తెరల్లో కాకుండా, రెండో తెరను మొదటిదానికి పొడిగింపుగా పెట్టుకుంటే ఇది సాధ్యం.

ఒక సంగతి మీతో ఒప్పుకోవాలి. 23వ పేజీ తప్పు నేను దిద్దలేదు. కావాలనే వుంచాను. ఆ పదమే ముందుగా తెరమీద పెట్టాను. గుండె దడదడలాడుతున్నది. మాస్టారికి పరీక్ష పెట్టే శిష్యుణ్ణి అయ్యానే అని సిగ్గుగా కూడా వుంది.

మాస్టారు తల వాల్చారు. మొహం తెరకు దగ్గరగా తెచ్చారు. పెదవులు కదిలాయి. "బా... డి... త." కొంత సేపు మాట లేదు. తర్వాత ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ అర్థం చదివారు.

"ఎవడోయ్ ఇది రాసింది?" అని ఒక్క అరుపు అరిచారు. ముప్పై ఏళ్ళ కిందట క్లాసులో విన్న గొంతు! "బాడితతో నునుపు చేస్తాడా? మా నాన్న వింటే నీ వీపు మీద చిత్రిక పట్టేవాడు!"

అమ్మగారు వంటింట్లోనుంచి గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయారు. నాకు నవ్వూ, ఏడుపూ ఒక్కసారి వచ్చాయి.

మాస్టారు కాస్త నెమ్మదించి, "ఇది ఎన్నో పేజీ?" అన్నారు.

"ఇరవై మూడో పేజీ మాస్టారూ."

"మొన్న చలికాలంలో చూశాం కదూ ఇది?"

"చూశాం."

"బాగుందన్నానా?"

ఏం చెప్పాలి? లేదంటే అబద్ధం, అవునంటే... "అన్నారు" అన్నాను.

ఆయన చాలా సేపు మాట్లాడలేదు. వ్యాసపీఠం అంచు వేళ్ళతో తడిమి చూస్తున్నారు. చివరకు, "అయితే మొదటి పేజీనుంచీ పెట్టు" అన్నారు.

ఆ రోజు 11 పదాలు అయ్యాయి. రెండు గంటలకు ఆయన కళ్ళు అలసిపోయాయి. పాత 600 పదాల్లో ఇప్పటికి 140 చూశాం. వాటిలో 31 తప్పులు దొరికాయి, తొమ్మిది ఆయనవి, మిగతావి నావి. తనవి దొరికినప్పుడు ఎక్కువ సంతోషిస్తారు. డాక్టరు చూపు పెరుగుతుందని చెప్పలేదు. ఉన్నది ఎంతకాలం నిలుస్తుందో కూడా చెప్పలేడు. మేము లెక్క వేసుకోవడం మానేశాం. ఇక ఎండలు ముదరగానే ఆయన విజయవాడ పోతారు. నేను రెండు వారాలకొకసారి ముప్పాతిక కిలో సంచీ వేసుకుని, రైలెక్కి పోతాను.

లాటిను భాషలో మానిటరంటే గుర్తుచేసేవాడు, హెచ్చరించేవాడు అని అర్థమట. ఆ లెక్కన నల్లబల్ల మీద నా పేరు రాసిన కుర్రవాడూ మానిటరే, పైవాటా అబ్బాయి రిహార్సలూ మానిటరే. 11,500 పెట్టి నేను కొన్నది మూడోదనుకున్నాను. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆ తెర వెనకనుంచి, "ఎవడోయ్ ఇది రాసింది?" అని వినిపిస్తున్నదే, అదే అసలు మానిటరు. అది అంగట్లో దొరకదు.

మా ఆవిడ మాత్రం, "మళ్ళీ మొదటినుంచా? అయితే గ్రైండరు మరో రెండు వాల్యుయేషన్లకన్నమాట" అంటుంది. అంటూనే ఆదివారం పొద్దున తీగ చుట్టి, సంచీలో పెట్టి ఇస్తుంది.